కీర్తిక గొంతు

ముద్దనకొట్టాయ్ బడి గేటులోంచి పొన్‌సిరగు వాళ్ల తెల్ల వ్యాను లోపలికి వస్తూ ఉండగా, కీర్తిక జడకు రిబ్బను కడుతున్న ఉష చేతులు వణికాయని పోయిన వారం చెప్పుకున్నాం. ఆ వణుకు భయంతో వచ్చింది కాదు. కూతురి గొంతును జిల్లా అధికారి ముందు, ఊరందరి ముందు, పెద్ద స్పీకరులో వినబోతున్నానన్న సంతోషం అది.

ఇప్పుడే ఈ కథలోకి వచ్చినవారి కోసం నాలుగు మాటలు. ఉష ఒక్కగానొక్క కూతురు కీర్తికకు పుట్టుకతోనే చెవులు వినపడవు. తమిళ సీమలో, ధర్మపురి జిల్లా పిక్కిలి చుట్టుపక్కల సర్కారు బళ్లకు వచ్చే ప్రత్యేక విద్య టీచరు రిటైరయ్యాక ఆ చోట్లోకి మళ్లీ ఎవరినీ వేయలేదు. ఆ పనిని పొన్‌సిరగు అనే ప్రైవేటు సంస్థకు కాంట్రాక్టుకు ఇచ్చారు. ఆ సంస్థ తరఫున బడికి వచ్చి కీర్తికకు మాట నేర్పే ఉద్యోగం ఉష సొంత తమ్ముడు ధర్మేంద్రకే దొరికింది. తమిళ ఆడి నెల పండుగ నాడు అతను అక్క ఫోనుకు ఒక వీడియో పంపాడు. అందులో కీర్తిక అద్దం ముందు కూర్చుని, పెదవులు విప్పి, "అమ్మా... ఇట్ల రామా" అని తల్లిని దగ్గరికి పిలిచింది. తర్వాత కిలకిలా నవ్వింది.

ఆ మాట కీర్తిక ఇంట్లో ఎప్పుడూ అనలేదు. "బడిలో అలవాటైంది, ఇంట్లో సిగ్గుపడుతుంది, బలవంతం చేయకండి" అని సంస్థ కోఆర్డినేటరు వేల్మురుగన్ చెప్పాడు. ఉష నమ్మింది. సేలం పెద్దాసుపత్రిలో కూతురి చెవి ఆపరేషనుకు పేరు రాయించి, పిలుపు కోసం రోజూ ఎదురుచూస్తున్న మనిషి, ఆ వీడియో వచ్చాక ఎదురుచూడటమే మానేసింది.

ఇక ఆ ఉదయం ఏం జరిగిందో చూద్దాం.

ఏడో తరగతి గదిలో బెంచీలన్నీ వెనక్కి జరిపి, నల్లబల్ల మీద తెల్లగుడ్డ కట్టారు. ఒక పక్కన నడుమెత్తు స్పీకరు పెట్టె. ముందు వరసలో కుర్చీలు. వాటిలో ఒకదాని మీద ఉష మామగారు వెంకటరామప్ప కూర్చున్నాడు. బావి కింద చెరకు, మెట్టన వేరుశనగ పండించే రైతు. మనవరాలి వీడియోను ఆయన ఊళ్లో ఎవరికీ చూపించకుండా వదల్లేదు. టీ అంగడిలో, పెళ్లిళ్లలో, చివరికి కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడికి కూడా ఫోను చెవి దగ్గర పెట్టి వినిపించాడు. ఈ రోజు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, జిల్లా అధికారికి రెండు కుర్చీల ఇవతల నిటారుగా కూర్చున్నాడు.

పొన్‌సిరగు వాళ్లు వేరే బళ్ల నుంచి కూడా కొందరు పిల్లల్ని తెచ్చారు. వాళ్లను చూపించి, ఈ కాంట్రాక్టును జిల్లాలో మరిన్ని బళ్లకు పెంచమని అడగాలని వేల్మురుగన్ ఆలోచన. వ్యానులో వచ్చిన తల్లుల్లో ఒకామె నిద్రపోతున్న కూతుర్ని భుజాన వేసుకుని గోడ పక్కన నిలబడి ఉంది. పాపకు ఎనిమిదేళ్లు ఉంటాయి. కాళ్లు సన్నగా, పాదాలు లోపలికి తిరిగి ఉన్నాయి.

"ఇట్ల వచ్చి కూర్చోండి. పాప బరువు కదా" అని ఉష బెంచీ మీద జరిగింది.

ఆమె ముందు వరసలోని వెంకటరామప్ప వైపు ఒకసారి చూసి, ఆ పెద్దోళ్ల ముందు కూర్చోవచ్చో లేదోనని తటపటాయించి, బెంచీ అంచున కూర్చుంది.

"మీరూ తెలుగోళ్లేనా అక్కా? మేము బొమ్మిడి నుంచి వచ్చినాము. నా పేరు మణిమేగలై. కూలి పనికి పోతాను. ఇది సరసు. వ్యానులో వాంతి చేసుకొని అట్లే నిద్రపోయింది."

"మాటలు వస్తాయా పాపకు?"

"కాళ్లే రావు అక్కా. నాలుక కొంచెం తడబడతాది గానీ, మాట్లాడేది ఆపనే ఆపదు" అని మణిమేగలై నవ్వింది.

ఆ నవ్వు చూసి ఉషకు ఆమె మీద ప్రేమ కలిగింది. ఈసారి తను కూడా నవ్వుతూ చెప్పగలదు. "మా పాప కూడా మాట్లాడతా ఉండాది. ఇప్పుడు చూపిస్తారు చూడు" అంది.

ధర్మేంద్ర అప్పుడే ల్యాప్‌టాప్ వైరు పట్టుకుని లోపలికి వచ్చాడు. అక్కను చూసి నవ్వబోయి, ఆమె పక్కన ఉన్న మణిమేగలైని చూసి ఆగిపోయాడు. చేతిలోని వైరు జారి కింద పడింది. అతను వేల్మురుగన్ దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పాడు. వేల్మురుగన్ విసుగ్గా చెయ్యి ఊపాడు. జిల్లా అధికారి గడియారం చూసుకుంటోంది. ఆమె ఈ జిల్లాకు కొత్త. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

గదిలో లైట్లు తీసేశారు.

తెల్లగుడ్డ మీద కీర్తిక ముఖం వెలిగింది. తలుపంత ముఖం. ఉషకు కూతుర్ని అంత పెద్దగా చూడటం అదే మొదటిసారి. పెదవులు విడిపోయాయి. స్పీకరులోంచి గొంతు గదంతా నిండింది.

"అమ్మా... ఇట్ల రామా..."

"ఇట్ల" అన్నచోట చిన్న తడబాటు, "రామా" అన్నచోట సాగదీత, ఆ వెంటనే ఎక్కిళ్ల లాంటి నవ్వు. ఉషకు అందులోని ప్రతి మలుపూ కంఠస్థం. ఊరి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. వెంకటరామప్ప వెనక్కి తిరిగి అందరినీ చూశాడు. ఉష కళ్లు తుడుచుకుంది.

చప్పట్లు ఆగేలోపు, ఉష పక్కనుంచే మళ్లీ అదే గొంతు వినిపించింది.

"అమ్మా... ఇట్ల రామా!"

నిద్రలోంచి లేచిన సరసు తెల్లగుడ్డ వైపు వేలు చూపిస్తూ, తల్లి మెడ పట్టుకుని ఎక్కిళ్లలాగా నవ్వుతోంది. "నేనే! అమ్మా, నేనే! నా మాట!"

తడబాటు అదే. సాగదీత అదే. నవ్వు అదే.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వేల్మురుగన్ ముందుగా తేరుకున్నాడు. "పిల్లలు కదా మేడమ్, వినంగానే అనుకరిస్తారు" అని తమిళంలో అంటూ తర్వాతి వీడియో పెట్టమని ధర్మేంద్రకు సైగ చేశాడు. ధర్మేంద్ర కదల్లేదు.

"ఆగండి" అంది అధికారి. "అదే మళ్లీ వేయండి. సగంలో ఆపండి."

బడి హెడ్‌మిస్ట్రెస్ వచ్చి తనే మీట నొక్కింది. స్పీకరు "అమ్మా..." అని ఆగింది. సరసు ఆగలేదు. స్పీకరు ఎక్కడ వదిలిందో అక్కడే అందుకుని, "ఇట్ల రామా" అని ముగించి, మళ్లీ నవ్వింది.

ఎవరో లైటు వేశారు.

మణిమేగలై కూతుర్ని గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది. "అయ్యో, ఇది మా సరసు గొంతే కదా. ఆడి నెలకు ముందర ధర్మా సారు వచ్చి దీని మాటలు ఫోనులో పట్టుకొని పోయినాడు. చెన్నైలో డాక్టర్లు వింటారు, నాలుకకు వైద్యం చెప్తారు అన్నాడు. ఆ పొద్దు నుంచి మా పళ్ళిక్కూడానికి పాఠం చెప్పేదానికి ఎవరూ రాలేదమ్మా. మేము వైద్యానికి కాచుకొని ఉండాము. నా బిడ్డ మాటను ఎవరికి ఇచ్చినారు?"

వెనకనుంచి ఒక ముసలామె గొణిగింది. "అయితే ఇన్నాళ్లూ వెంకటరామప్ప ఊరంతా వినిపించింది ఈ కూలోళ్ల పాప గొంతా?"

వెంకటరామప్ప ముఖం నల్లబడింది. ఆయన తిరిగి చూడలేదు.

ఉష ఇదంతా వింటూనే ఉంది. కానీ ఆమె చూపు కీర్తిక మీద ఉంది. కీర్తిక స్పీకరు పెట్టెకు వీపు ఆనించి కూర్చుని ఉంది. అంత పెద్ద శబ్దం వీపుకు తగులుతుంటే, తిరిగి చూడకుండా, పైకప్పు దగ్గర తిరుగుతున్న ఫ్యానును చూస్తోంది. మొదటిసారి వేసినప్పుడు చూడలేదు. రెండోసారి వేసినప్పుడూ చూడలేదు.

ఉష లేచి వెళ్లి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తన పెదవులను వేలితో చూపించి, "అమ్మా అను" అంది.

కీర్తికకు ఈ ఆట తెలుసు. కళ్లు మెరిశాయి. సర్దుకుని కూర్చుంది. పెదవులు అందంగా కలిపి, విప్పింది. మ్-మా. తర్వాత రెండు మాటలకూ పెదవులు సరిగ్గా కదిలాయి. ఎక్కడా తప్పు లేదు. పలుకు మాత్రం లేదు. ఊపిరి కూడా వినపడలేదు. గది అంత నిశ్శబ్దంగా ఉంది కాబట్టి, ఏమీ రాలేదన్న సంగతి తలుపు దగ్గర ఉన్నవాళ్లకు కూడా తెలిసింది.

అంతా అయ్యాక కీర్తిక రెండు చేతులూ ఎత్తి తనకు తానే చప్పట్లు కొట్టుకుంది. ఎప్పుడూ అట్లాగే చేయించారు కాబోలు. అందరి ముఖాల్లోకీ చూసింది. ఎవరూ కొట్టకపోయేసరికి నెమ్మదిగా చేతులు దించింది.

ఉష ఆ రెండు చేతులనూ పట్టుకుంది. ఏడవాలనిపించలేదు.

"ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయి?" అని అధికారి వేల్మురుగన్‌ను అడిగింది.

"మేడమ్, ఇది ఒక్క కుర్రాడు చేసిన తప్పు. సంస్థకు సంబంధం లేదు."

"నేను అడిగింది ఎన్ని అని."

వేల్మురుగన్ నుదురు తుడుచుకున్నాడు. అధికారి లేచి, ల్యాప్‌టాప్‌ను హెడ్‌మిస్ట్రెస్ బీరువాలో పెట్టి తాళం వేయమంది. పోయేముందు ఉష దగ్గర ఆగింది. కీర్తిక తలను నిమిరి వెళ్లిపోయింది.

బడి వెనక మధ్యాహ్న భోజనం వండే కొట్టం ఉంది. ధర్మేంద్ర ఆ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. ఉష కూతుర్ని మణిమేగలై దగ్గర వదిలి అక్కడికి పోయింది. అక్కను చూసి అతను లేవబోయాడు.

"కూర్చో. పారిపోవద్దు" అంది ఉష. "ఎందుకు చేసినావు ధర్మా?"

"అక్కా..."

"ఊరోళ్లెవరైనా చేసింటే తిట్టి ఊరుకొంటాను. దాన్ని నువ్వు ఎత్తుకొని తిప్పినావు. అది పుట్టినప్పుడు ధర్మపురి ఆసుపత్రిలో నాకంటే ముందు నువ్వు చూసినావు."

ధర్మేంద్ర తల ఎత్తలేదు. "నాకేం తెలుసక్కా? నేను చదివింది కెమిస్ట్రీ. ఉద్యోగం, వేలై ఏదీ దొరకలేదు. కొద్దిపాటి ట్రైనింగ్ ఇచ్చి, పది పన్నెండు పళ్ళిక్కూడాలు అప్పగించినారు. ఒక చోట చెవులు వినపడని పిల్ల, ఒక చోట కళ్లు కనపడని పిల్లోడు, ఇంకో చోట కూర్చోలేని బిడ్డ. ఎవరికి ఏమి చెయ్యాల్నో నాకు తెలీదు. సైగల భాష ఒక్క ముక్క రాదు. అడిగితే, 'నువ్వు పోయి కూర్చో, ఫొటో తియ్యి, అది చాలు' అన్నారు."

"మరి వీడియో?"

"ప్రగతి చూపిస్తేనే కాంట్రాక్టు నిలబడుతాది అన్నారు. ప్రతి పిల్లకూ ఒక వీడియో. కీర్తిక పెదవులు బాగా పట్టుకొంటాది అక్కా, శానా తెలివి దానికి. గొంతే రాలేదు. అందరి వీడియోలకూ వాళ్లే తమిళం గొంతులు పెడతా ఉండ్రి. మన పాపకు తమిళం పెడితే నువ్వు నమ్మవు. తెలుగు గొంతు నా దగ్గర సరసుది ఒకటే ఉండె."

ఉష గోడ పట్టుకుంది. తను నమ్మాలని వెతికి మరీ పెట్టాడు.

"నాకు పంపకుండా ఉండొచ్చు కదరా. ఆఫీసోళ్లకు పంపి ఊరుకోవచ్చు కదా."

"పండగ నాడు నీతో ఒక మంచి మాట చెప్పాలనిపించింది. నువ్వు వెంటనే ఫోను చేసినావు. ఏడ్చినావు. సంతోషంతో నువ్వు అట్ల ఏడ్చింది నేను ఎప్పుడూ చూడలేదు. దాని తర్వాత నిజం ఎట్ల చెప్పేది?"

ఆ మాటకు ఉష చెయ్యి లేచింది. చెంప మీద పడబోయి, మధ్యలోనే ఆగింది. అప్పుడే ఆమె నడుము దగ్గర దోపుకున్న ఫోను మోగింది.

"అమ్మా... ఇట్ల రామా..."

ఆ వీడియోలోని గొంతునే ఉష రింగ్‌టోనుగా పెట్టుకుంది. వంట చేస్తున్నా, కలుపు తీస్తున్నా ఆ పిలుపు వినపడితే మనసు నిండేది. ఇప్పుడు అక్కా తమ్ముడూ ఇద్దరూ కదలకుండా దాన్ని విన్నారు. అది మళ్లీ మళ్లీ పిలిచింది. ధర్మేంద్ర రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

ఫోను చేసింది ఉష భర్త జయప్రకాశ్. హొసూరులో ఫ్యాక్టరీ పని. "ఆఫీసరు ఏమన్నాది? మన పాపను మెచ్చుకొన్నాదా?" అన్నాడు ఉత్సాహంగా.

ఉష, "సేలం ఆసుపత్రి నుంచి నీకు ఎప్పుడైనా ఫోను వచ్చినాదా?" అని మాత్రం అడిగింది.

"లేదే. మనం ఇంటి నెంబరే కదా ఇచ్చింది, నాయన ఫోనుది. ఇప్పుడు ఆపరేషను ఎందుకులే?"

"అక్కడ పాప పేరు రాసుకొన్న నర్సమ్మ నెంబరు నీ దగ్గర ఉంటే ఇప్పుడే పంపించు. ఏమీ అడగొద్దు."

నెంబరు వచ్చింది. ఉష అక్కడే నిలబడి ఫోను చేసింది. నర్సమ్మ చాలాసేపటికి ఎత్తింది. ఉష తమిళంలో కూతురి పేరు, ఊరు, భర్త పేరు చెప్పింది.

"కీర్తికనా? బాగా గుర్తుంది. రెండు రిబ్బన్ల పాప కదా. ఇప్పుడు ఎందుకమ్మా ఫోను చేస్తున్నారు? తై నెలలోనే పిలిచాం కదా మేము. ఆపరేషనుకు రోజు కూడా ఇచ్చాం."

"మాకు ఎవరూ చెప్పలేదమ్మా."

"చెప్పకపోవడమేమిటి? ఫోను చేస్తే మీ ఇంటి పెద్దాయన ఎత్తారు. వారం తిరక్కుండా ఆయనే ఇక్కడికి వచ్చారు. పాప తాతనని చెప్పారు. మాకు ఆపరేషను వద్దు, పేరు తీసేయండి అన్నారు. డాక్టరమ్మ ఎంతో నచ్చజెప్పింది. చేతులు జోడించి నిలబడ్డారే గానీ ఒప్పుకోలేదు. తల్లిదండ్రులకు తెలుసా అని అడిగితే, తెలుసన్నారు."

ఉష చెవి దగ్గర ఫోను అట్లాగే ఉంది. ధర్మేంద్ర లేచి దగ్గరికి వచ్చాడు. "ఏమక్కా?" అన్నాడు. ఆమెకు వినపడలేదు.

"ఉన్నారా అమ్మా?" అంది నర్సమ్మ. "పాపకు ఆరేళ్లు నిండాయా?"

"ఇంకా నిండలేదు. ఫిబ్రవరిలో, మాసి నెలకు నిండుతాయి."

"అయితే ఆలస్యం చేయకండి. వయసు పెరిగే కొద్దీ ఆపరేషను చేసినా మాట రావడం కష్టం. రేపు పొద్దున డాక్టరమ్మ ఉంటారు. తీసుకురండి, మళ్లీ పరీక్ష చేస్తారు. కానీ ఒకటి చెప్తాను వినండి. ఆ తాతను కూడా పిలుచుకొని రండి. ఆపరేషనుతో అయిపోదు ఇది. తర్వాత ఏళ్ల తరబడి మాట నేర్పాలి. ఇంట్లో ఒకరు వద్దని ఉంటే డాక్టరమ్మ ముందుకు పోరు."

ఫోను పెట్టేశాక ఉష అక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. మణిమేగలై దగ్గరికి వచ్చి కీర్తికను అందుకుంది. మణిమేగలై ఏడ్చి ఏడ్చి ఉంది. సరసు తన చేతిలోని బిస్కెట్టును విరిచి కీర్తికకు తినిపిస్తోంది.

"నీ బిడ్డ మాటను ఇన్నాళ్లూ నా బిడ్డదని ముద్దు పెట్టుకొన్నాను" అంది ఉష. "నన్ను తిట్టు మణీ."

"నిన్నెందుకు తిట్టేది అక్కా? నువ్వూ నేనూ ఒకే బావిలో పడినాము" అంది మణిమేగలై.

ఇంటికి వచ్చేసరికి వెంకటరామప్ప అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా విప్పలేదు. అత్తగారు పాపక్క లోపలి గడప దగ్గర చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. బడిలో జరిగింది ఆమెకు అప్పటికే తెలిసినట్టుంది. కోడలి ముఖం చూసి సుత్తి పక్కన పెట్టింది.

ఉష ఆ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి మామగారి ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. ఇప్పుడు నిలబడింది.

"మామా, తై నెలలో మీరు సేలం పోయినారా?"

ఆయన తల ఎత్తాడు. కోడలిని చూశాడు. అబద్ధం చెబుతాడేమో అనుకుంది ఉష. చెప్పలేదు.

"పోయినాను."

"కీర్తికకు ఆపరేషను వద్దని చెప్పినారా?"

"చెప్పినాను."

అంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "ఎందుకు మామా?" అంది.

"ఎందుకేమమ్మా? పసిబిడ్డ తల కోసి లోపల మిషను పెడతారంట. ఏమైనా అయితే? పాప పళ్ళిక్కూడంలో మాట్లాడతా ఉండాది కదా, ఇంకెందుకు కోసేది అనుకొంటిని. ఆ పొన్‌సిరగు దొంగనాయాళ్లు నన్నూ మోసం చేసినారు. నీతో పాటు నేనూ మోసపోయినాను."

ఆ మాట విని ఉషకు కొంచెం జాలి కలిగింది. ముసలివాడు భయపడ్డాడు, నమ్మాడు, తనలాగే మోసపోయాడు. ఆయన పక్కన కూర్చుని, సరే మామా, రేపు ఇద్దరం కలిసి పోదాం అనబోయింది. అప్పుడు నెలలు గుర్తొచ్చాయి. తై నెల జనవరిలో వస్తుంది. వీడియో వచ్చింది ఆడి పండుగకు, జూలై దాటాక.

"లేదు మామా" అంది మెల్లగా. "మీరు సేలం పోయే నాటికి ఆ వీడియో లేదు. ఆ పొద్దుకు ధర్మా కూడా మన పళ్ళిక్కూడంలో వేలైకి చేరలేదు. పాప మాట్లాడతాదని ఎవరూ అనలేదు అప్పుడు. మీరు దేన్ని నమ్మి వద్దన్నారు?"

వెంకటరామప్ప చూపు కోడలి మీదనుంచి జారి, వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెత్తుతున్న కీర్తిక మీద పడి, అక్కడ కూడా నిలవలేక నేల మీదికి వాలింది.

"రేపు నాతో వచ్చి, సరేనని డాక్టరమ్మతో మీ నోటితోనే చెప్పాలి. మీరు చెప్పకపోతే వాళ్లు చెయ్యరంట. వస్తారా?"

"రాను."

"మామా, దాని బతుకు..."

"రానంటే రాను! ఆ మాట ఇంక ఈ ఇంట్లో ఎత్తొద్దు!"

ఆయన కేకకు కోళ్లు చెదిరిపోయాయి. కీర్తిక మాత్రం నవ్వుతూ వాటి వెంట పరుగెత్తుతూనే ఉంది.

గడప దగ్గర పాపక్క లేచి నిలబడింది. ఒళ్లో ఉన్న చింతగింజలు జలజలా రాలాయి. మొగుడు కేక వేస్తే లోపలికి పోవడమే తెలిసిన మనిషి ఆమె. ఈసారి బయటికి వచ్చింది. అరుగు దిగి, కోడలి పక్కన నిలబడి, ఆయన ముఖంలోకి చూసింది.

"చెప్పు" అంది. "కోడలి ఎదురుగా చెప్పు, ఎందుకు రావో."

"పాపక్కా, లోపలికి పో."

"శానా ఏండ్లు లోపలనే ఉన్నాను. చెప్తావా, నేను చెప్పాల్నా?"

వెంకటరామప్ప స్తంభాన్ని పట్టుకుని లేవబోయాడు. మళ్లీ కూర్చుండిపోయాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అంత పెద్దమనిషి భుజాలు అదిరిపోవడం చూసి ఉష భయపడింది. "అత్తా, ఏంది ఇది?" అంది.

పాపక్క కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు చల్లగా, చింతపండుతో జిగటగా ఉన్నాయి.

"ఈ ఇంట్లో చెవులు వినపడని బిడ్డ కీర్తిక మొదటిది కాదమ్మా" అంది. "దానికంటే ముందు నేను ఒకదాన్ని కన్నాను."